పార్టీ మారినా పెత్తనం మారదు: ఆళ్లగడ్డ, నంద్యాల చెప్పే పాఠం

ఎమ్మెల్యే ఎవరి మాట వినాలి? టికెట్ ఇచ్చిన పార్టీ మాటా, ఓటేసిన జనం మాటా? పార్లమెంటరీ ప్రజాస్వామ్యం పుట్టినప్పటి నుంచీ ఉన్న ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకాల్లో దీనికి రెండు జవాబులు కనిపిస్తాయి. ప్రతినిధి జనం చెప్పింది చెప్పినట్టు చేయాలన్నది ఒకటి. జనం తనకిచ్చిన విచక్షణను వాడుకోవాలన్నది రెండోది. నంద్యాల జిల్లాలో, అహోబిలం ఉన్న ఆళ్లగడ్డ నియోజకవర్గంలో ఈ రెండూ పనికిరావు. అక్కడ ఎమ్మెల్యే విధేయత పార్టీకీ కాదు, ఓటరుకూ కాదు. ఇంటికి.

ఆ పక్కనే ఉన్న రిజర్వుడు నియోజకవర్గాల్లో దళిత ఎమ్మెల్యేలకు అలాంటి ఇల్లు లేదు. వాళ్లకు పార్టీయే దిక్కు. పార్టీ, ప్రజలు అన్న రెంటి మధ్య తూకం వేసుకునే అవకాశం ఎవరికుంది, ఎవరికి లేదు అన్న ప్రశ్నకు కులంతో సంబంధం లేకుండా జవాబు చెప్పలేం.

ఒకే నియోజకవర్గం, రెండు దారులు

2009లో ప్రజారాజ్యం టికెట్ మీద శోభా నాగిరెడ్డి ఆళ్లగడ్డ ఎమ్మెల్యేగా గెలిచారు. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆమె జగన్‌మోహన్ రెడ్డి వైపు నిలిచారు. 2011 డిసెంబరులో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వంపై టీడీపీ పెట్టిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా ఓటేశారు. స్పీకర్ నాదెండ్ల మనోహర్ ఆమెతో సహా 17 మందిపై అనర్హత వేటు వేశారు. 2012 జూన్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే వైసీపీ 15 గెలిచింది. అందులో ఆళ్లగడ్డ ఒకటి. పార్టీ గీత దాటిన ఎమ్మెల్యే పదవి పోగొట్టుకుని, జనం ముందుకెళ్లి, మళ్లీ గెలిచి వచ్చారు. ఆమె రాజకీయాలు మనకు నచ్చినా నచ్చకపోయినా, ఓటరును మళ్లీ అడగడం మాత్రం జరిగింది.

2014 ఏప్రిల్‌లో, పోలింగుకు రెండు వారాల ముందు, ఆమె రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. బ్యాలెట్ మీద పేరు అలాగే ఉంది. ఆళ్లగడ్డ ఆమెనే గెలిపించింది. ఆ తర్వాత వచ్చిన ఉప ఎన్నికలో కూతురు భూమా అఖిలప్రియ పోటీ లేకుండా ఎమ్మెల్యే అయ్యారు. నంద్యాలలో ఆమె తండ్రి భూమా నాగిరెడ్డి అప్పటికే వైసీపీ ఎమ్మెల్యే. 2016 ఫిబ్రవరిలో తండ్రీకూతుళ్లు ఇద్దరూ అధికారంలో ఉన్న టీడీపీలో చేరారు. ఈసారి రాజీనామా లేదు, అనర్హత లేదు, ఉప ఎన్నిక లేదు. ఏకగ్రీవంగా ఎన్నికైన ఎమ్మెల్యే పార్టీ మారితే, ఆళ్లగడ్డ ఓటరుకు ఆమె విషయంలో మొదటిసారి మీట నొక్కే అవకాశం 2019లో గానీ రాలేదు.

2012కూ 2016కూ మధ్య చట్టం మారలేదు. మారింది లాభం ఎవరికన్నదే. 2011లో గీత దాటింది పాలక పక్షానికి వ్యతిరేకంగా. 2016లో దూకింది పాలక పక్షంలోకి. స్పీకర్ కోడెల శివప్రసాదరావు ముందు ఫిర్యాదులు పడే ఉన్నాయి. 2014-19 మధ్య వైసీపీ నుంచి టీడీపీలోకి వెళ్లిన 23 మంది ఎమ్మెల్యేలలో ఎవరి మీదా వేటు పడలేదు.

నంద్యాల ఎంపీ ఎస్పీవై రెడ్డి ఇంకా తొందరపడ్డారు. 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచి, లోక్‌సభలో ప్రమాణం చేయకముందే టీడీపీ కండువా కప్పుకున్నారు. చనిపోయేదాకా ఎంపీగానే కొనసాగారు.

పార్టీలు ఇళ్లు మార్చుకున్నాయి

ఆ తర్వాత జరిగింది మరింత చూడదగ్గది. 2014లో ఆళ్లగడ్డలో భూమా కుటుంబం వైసీపీ, గంగుల కుటుంబం టీడీపీ. 2019లో భూమా కుటుంబం టీడీపీ, గంగుల కుటుంబం వైసీపీ. 2014లో నంద్యాలలో భూమా నాగిరెడ్డి వైసీపీ, శిల్పా మోహన్ రెడ్డి టీడీపీ. నాగిరెడ్డి 2017 మార్చిలో చనిపోయాక ఆగస్టులో జరిగిన ఉప ఎన్నికలో భూమా బ్రహ్మానందరెడ్డి టీడీపీ, శిల్పా మోహన్ రెడ్డి వైసీపీ. అవే కుటుంబాలు, అవే అనుచరగణాలు, జెండాలు మాత్రం తారుమారు.

ఆ ఉప ఎన్నికలో టీడీపీ 27 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచింది. ఫిరాయింపును జనం ఆమోదించారని అప్పట్లో చెప్పుకున్నారు. 2019లో అదే నంద్యాలలో శిల్పా కుటుంబం, ఆళ్లగడ్డలో గంగుల బ్రిజేంద్రారెడ్డి వైసీపీ తరఫున గెలిచారు. అది ఫిరాయింపుకు శిక్ష అని ఇంకొకరు చెప్పుకున్నారు. 2024లో ఆళ్లగడ్డ మళ్లీ అఖిలప్రియను గెలిపించింది. ఇది ఆమోదమా, క్షమాపణా? మూడు దశాబ్దాలకు పైగా రెండే రెండు ఇళ్ల మధ్య తిరుగుతున్న ఎమ్మెల్యే పదవిలో ఓటరు మనసు చదవడం కష్టం. ఎంచుకోవడానికి రెండు తలుపులే ఉన్నచోట, ఏ తలుపు తోశారన్నదాన్ని బట్టి వాళ్లకేం కావాలో తెలియదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2017లో టీడీపీ వదిలి వైసీపీలోకి వెళ్లిన శిల్పా చక్రపాణి రెడ్డి తన ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేశారు. అంటే అది చేయలేని పని కాదు. చేయకపోయినా ఏమీ కాదన్న ధైర్యం ఉన్నప్పుడు ఎవరూ చేయరు, అంతే.

ఈ లెక్కలో మాల, మాదిగ గేరీల ఓటు ఎక్కడుంది? సీమ ఫ్యాక్షన్ గురించి హక్కుల కార్యకర్తలు ఎప్పటి నుంచో చెబుతున్న మాట ఒకటుంది. నాయకత్వం పై కులాలది, వెంట నడిచి చచ్చినవాళ్లలో, జైలుకెళ్లినవాళ్లలో కింది కులాలవాళ్లే ఎక్కువ. ఓటు విషయంలోనూ అదే పోలిక. పెద్ద కుటుంబం పార్టీ మారితే గేరి ఓటు కూడా దానితోపాటే వస్తుందని పార్టీలు లెక్కగడతాయి. చేరికల వేదిక మీద బేరమాడేది ఆ ఓటుతోనే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తమది కాని ఓటును కండువాతోపాటు అప్పజెబుతారు. కూలి రేటు, అసైన్డ్ భూమి, శ్మశాన స్థలం, హాస్టల్ భవనం లాంటివి ఆ బేరంలో షరతులుగా వినబడవు.

దూకినా దక్కనివాళ్లు

2014-19 నాటి 23 మంది జాబితాను కులం కోణం నుంచి చూద్దాం. అందులో ఎస్సీ రిజర్వుడు స్థానాల ఎమ్మెల్యేలు ఐదుగురున్నారు. కోడుమూరు నుంచి మణిగాంధీ, బద్వేలు నుంచి జయరాములు, యర్రగొండపాలెం నుంచి డేవిడ్ రాజు, గూడూరు నుంచి పాశం సునీల్ కుమార్, పామర్రు నుంచి ఉప్పులేటి కల్పన. ఎస్టీ స్థానాల నుంచి అరకు, పాడేరు, రంపచోడవరం ఎమ్మెల్యేలు ముగ్గురు.

2017 ఏప్రిల్ 2న చంద్రబాబు నాయుడు మంత్రివర్గాన్ని విస్తరించారు. ఫిరాయించినవాళ్లలో నలుగురికి పదవులొచ్చాయి. అఖిలప్రియ, అమర్‌నాథ్ రెడ్డి, ఆదినారాయణ రెడ్డి, సుజయ్ కృష్ణ రంగారావు. ఆ నలుగురిలో రిజర్వుడు స్థానం నుంచి వచ్చినవారు ఒక్కరూ లేరు. 2019 ఎన్నికల్లో కోడుమూరు, బద్వేలు, యర్రగొండపాలెం ఎమ్మెల్యేలకు టీడీపీ టికెట్ కూడా దక్కలేదు. గూడూరు, పామర్రు ఎమ్మెల్యేలకు టికెట్ దక్కింది, గెలుపు దక్కలేదు.

ఫిరాయింపు తప్పే. ఎస్సీ ఎమ్మెల్యే చేసినా తప్పే. ఓటేసిన వాడకు చెప్పకుండా గోడ దూకినందుకు వాళ్లను వెనకేసుకు రావాల్సిన పని లేదు. కానీ ఒకే తప్పుకు ఒకరికి మంత్రి పదవి, ఇంకొకరికి టికెట్ గల్లంతు ఎందుకైందో అడగాలి. ఆళ్లగడ్డ ఎమ్మెల్యే వెంట ఒక కుటుంబం, దాని అనుచరులు, నియోజకవర్గం మొత్తం మీద పట్టు వస్తాయి. రిజర్వుడు స్థానం ఎమ్మెల్యే వెంట వచ్చేది అసెంబ్లీలో ఒక సంఖ్య. ఆ సంఖ్య అవసరం తీరగానే ఆయన అవసరమూ తీరుతుంది.

నందికొట్కూరు: నాలుగు ఎన్నికలు, నలుగురు

నంద్యాల లోక్‌సభ పరిధిలో ఏడు అసెంబ్లీ స్థానాలుంటే ఎస్సీలకు రిజర్వు అయింది నందికొట్కూరు ఒక్కటే. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో మొదటిసారి అక్కడ దళిత అభ్యర్థులు పోటీపడ్డారు. కాంగ్రెస్ నుంచి లబ్బి వెంకటస్వామి గెలిచారు. 2014లో వైసీపీ నుంచి ఐజయ్య, 2019లో అదే పార్టీ నుంచి తోగూరు ఆర్థర్, 2024లో టీడీపీ నుంచి గిత్తా జయసూర్య. నాలుగు ఎన్నికలు, నలుగురు ఎమ్మెల్యేలు. ఒక్కరూ రెండోసారి గెలవలేదు.

ఇందులో జనం తిరస్కారం కన్నా పార్టీ తీసిన గీతలే ఎక్కువ. ఐజయ్య 2014 తర్వాత వైసీపీలోనే ఉన్నారు. 2019లో టికెట్ ఆర్థర్‌కు ఇచ్చారు. ఆర్థర్ గెలిచారు. 2024లో టికెట్ దారా సుధీర్‌కు ఇచ్చారు. ఆర్థర్ కాంగ్రెస్‌లోకి వెళ్లారు. ఆళ్లగడ్డలో ఒక ఇల్లు మూడు దశాబ్దాలు నిలబడుతుంది. నందికొట్కూరులో ఒక దళిత నాయకుడు ఐదేళ్లకు మించి నిలబడడు. పార్టీకి విధేయంగా ఉన్నా టికెట్ ఖాయం కాదు.

దీని మూలం 1932లోనే ఉంది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అంటరాని కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలను ఇచ్చింది. గాంధీ నిరాహార దీక్ష తర్వాత సెప్టెంబరు 24న కుదిరిన పూనా ఒడంబడిక వాటి స్థానంలో ఉమ్మడి నియోజకవర్గాలలో రిజర్వుడు సీట్లను తెచ్చింది. మిగతా కులాల ఓట్లతో గెలిచే ప్రతినిధి తన జనం కోసం గట్టిగా మాట్లాడలేడని అంబేడ్కర్ తర్వాతి రచనల్లో పదేపదే వాదించారు. నందికొట్కూరు లాంటి చోట్ల అభ్యర్థి దళితుడే. గెలిపించే ఓట్లలో ఎక్కువ భాగం దళితులవి కావు. టికెట్ ఇప్పించేవాళ్లూ, ఎన్నికల ఖర్చు పెట్టేవాళ్లూ, మండలాల్లో పెత్తనం చేసేవాళ్లూ వేరే. అలాంటప్పుడు ఆ ఎమ్మెల్యేకు విప్ అంటే పార్టీ జారీచేసే కాగితం మాత్రమే కాదు. ప్రతిరోజూ వినాల్సిన ఊరి పెద్దల మాట కూడా విప్పే.

రాష్ట్రంలోని 175 స్థానాలలో 29 ఎస్సీలకు రిజర్వు. 2019లో వాటిలో 27 వైసీపీ గెలిచింది. 2024లో 27 టీడీపీ కూటమి గెలిచింది. గాలి ఎటు వీస్తే అటు ఊడ్చుకుపోయే స్థానాలివి. అలా గెలిచిన ఎమ్మెల్యేను, నీకు సీటు వచ్చింది మా వల్లే అని పార్టీ అంటే, కాదని చెప్పే బలం అతనికి ఉండదు.

తాడికొండ: వాడ ఒకటి కోరితే, పార్టీ ఇంకొకటి

పార్టీ మాటా, ఓటరు మాటా నేరుగా ఢీకొన్న సందర్భం కావాలంటే గుంటూరు జిల్లా తాడికొండకు పోవాలి. అదీ ఎస్సీ రిజర్వుడు స్థానమే. అమరావతి గ్రామాలు చాలావరకు అందులోనే ఉన్నాయి. 2019లో వైసీపీ నుంచి ఉండవల్లి శ్రీదేవి గెలిచారు. ఏడాది తిరగకముందే ఆమె పార్టీ మూడు రాజధానులు తెచ్చింది. 2020 జనవరి 20న బిల్లు అసెంబ్లీ ముందుకు వచ్చినప్పుడు ఆమె పార్టీ వెంటే నిలిచారు. బయట ఆమె ఓటర్లు రోడ్ల మీద ఉన్నారు.

అదే రోజు అదే సభలో మరో దళిత ఎమ్మెల్యే పార్టీని కాదన్నారు. జనసేన ఏకైక ఎమ్మెల్యే, రాజోలు నుంచి గెలిచిన రాపాక వరప్రసాదరావు, అధినేత వద్దన్నా బిల్లుకు మద్దతిచ్చారు. అది కూడా అధికారంలో ఉన్నవాళ్ల వైపుకే.

2023 మార్చిలో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికల్లో క్రాస్ ఓటింగ్ చేశారంటూ వైసీపీ నలుగురిని సస్పెండ్ చేసింది. ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్ రెడ్డి, శ్రీదేవి. నలుగురూ టీడీపీ వైపు వెళ్లారు. 2024లో ఆనం, కోటంరెడ్డి టికెట్ తెచ్చుకుని గెలిచారు. ఆనం మంత్రి అయ్యారు. మేకపాటికి, శ్రీదేవికి టికెట్ రాలేదు. జనం రోడ్డెక్కినప్పుడు పార్టీని నమ్ముకున్నారు, చివరికి రెండు పార్టీల్లోనూ టికెట్ లేకుండా పోయింది. అమరావతి వాడల్లో అసైన్డ్ భూమి రైతులకు పట్టా రైతులతో సమానమైన ప్యాకేజీ మొదట్లో ఇవ్వలేదన్న గాయం ఉంది. దాని మీద గట్టిగా మాట్లాడే ప్రతినిధి ఏ పార్టీ సర్కారు ఉన్నా వాళ్లకు దొరకలేదు.

ఓటరు కోరిక అన్నది ప్రతిసారీ ఒక్కటే ఉండదు కూడా. ఎస్సీ వర్గీకరణే చూడండి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్‌లో రాష్ట్రంలో వచ్చిన ఆర్డినెన్సు తర్వాత రెల్లి ఉపకులాలకు 1 శాతం, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతం కేటాయించారు. ఒకే నియోజకవర్గంలో ఒక వాడ సంబరం చేసుకుంటే పక్క వాడ నిరసన తెలిపింది. ఇలాంటి చోట ఎమ్మెల్యే తన ఉద్దేశం ఏమిటో, ఎందుకో రెండు వాడలకూ వెళ్లి చెప్పాలి. పార్టీ నిర్ణయం అన్న ఒక్క మాట వెనక దాక్కోవడం సులువు. చాలామంది చేసింది అదే.

చట్టం ఎవరిని కాపాడుతోంది?

1985లో 52వ రాజ్యాంగ సవరణ పదో షెడ్యూలును తెచ్చింది. పార్టీ సభ్యత్వం స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌ను ధిక్కరించినా సభ్యత్వం పోతుంది. తేల్చాల్సింది స్పీకర్. 2003లో 91వ సవరణ మూడింట ఒకవంతు చీలిక మినహాయింపును తీసేసింది. అనర్హుడైన సభ్యుడు మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదని కూడా చేర్చింది. చూడటానికి గట్టి చట్టమే. కానీ స్పీకర్ తేల్చకపోతే అనర్హతే ఉండదు. అనర్హత లేకపోతే మంత్రి పదవికి అడ్డే ఉండదు. 2017 ఏప్రిల్‌లో నలుగురు మంత్రులైంది ఈ సందులోంచే.

ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని, స్పీకర్ బదులు స్వతంత్ర ట్రిబ్యునల్ గురించి పార్లమెంటు ఆలోచించాలని 2020 జనవరిలో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు వెళ్లిన పదిమంది ఎమ్మెల్యేల కేసులో 2025 జులై 31న స్పీకర్‌కు మూడు నెలల గడువే పెట్టాల్సి వచ్చింది.

నంద్యాలకు ఇంకో పాత లెక్క కూడా ఉంది. 1991లో ప్రధాని అయ్యాక పీవీ నరసింహారావును లోక్‌సభకు పంపింది నంద్యాలే. ఆయన మైనారిటీ ప్రభుత్వం 1993 జులై 28న అవిశ్వాసాన్ని 265-251 ఓట్లతో దాటింది. ఆ ఓట్లలో జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలవి ఉన్నాయి. ఓటుకు లంచం తీసుకున్నారన్న కేసులో, సభలో వేసిన ఓటుకు రాజ్యాంగ రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న కొట్టేసింది. ఆదివాసీల పేరుతో గెలిచిన ఎంపీల ఓటు విషయంలో తప్పు సరిదిద్దడానికి పాతికేళ్లు దాటింది.

ఫిరాయించకపోయినా ఓటరు గొంతు పోవచ్చు. 2017 చివర్లో, ఫిరాయించినవాళ్లపై వేటు పడేదాకా సభకు రామని వైసీపీ అసెంబ్లీని బహిష్కరించింది. 2024 తర్వాత ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని అత్యధిక సమావేశాలకు దూరంగా ఉంటోంది. ఆ పార్టీకి మిగిలిన 11 స్థానాల్లో బద్వేలు, యర్రగొండపాలెం ఎస్సీలవి, అరకు, పాడేరు ఎస్టీలవి. పార్టీ అలిగితే ఆ నాలుగు చోట్ల దళిత, ఆదివాసీ ఓటరు ప్రశ్న సభలో వినబడదు. ఇది విధేయతే. దీన్ని శిక్షించే షెడ్యూలు రాజ్యాంగంలో లేదు.

పార్టీకి జవాబు, వాడకు జవాబు

అహోబిలం చుట్టుపక్కల ఊళ్లలో ఏటా సంక్రాంతి తర్వాత పారువేట జరుగుతుంది. నరసింహస్వామి దాదాపు నలభై రోజులపాటు ఊరూరా తిరుగుతాడు. తన కల్యాణానికి జనాన్ని పిలవడానికి వస్తాడని చెప్పుకుంటారు. దేవుడే ఏటా గడప దాకా వచ్చే ప్రాంతంలో, ఎమ్మెల్యే ఐదేళ్లకోసారి వస్తే చాలనుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు మారాలి.

చట్టంలో అడగాల్సినవి మూడున్నాయి. అనర్హతను స్పీకర్ చేతిలోంచి తీసి, గడువున్న స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. పార్టీ మారినవాళ్లు రాజీనామా చేసి ప్రజల ముందుకెళ్లడం తప్పనిసరి కావాలి. విప్ విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి ప్రభుత్వ మనుగడ ఓట్లకే పరిమితం కావాలి. మూడోది 1990లోనే దినేష్ గోస్వామి కమిటీ చెప్పింది. దళిత ఎమ్మెల్యేలకు దీని అవసరం ఎక్కువ. బడ్జెట్లో సబ్‌ప్లాన్ నిధులను సాధారణ పథకాల పద్దులో చూపితే, దాన్ని సభలో తప్పని చెప్పడానికి పదవి పోతుందన్న భయం ఉండకూడదు.

కానీ చట్టం వచ్చేదాకా ఊరుకోనక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం పార్టీలు దయతలచి ఇచ్చింది కాదు. 2012లో దళిత, ఆదివాసీ సంఘాలు పార్టీలన్నిటి మీదా ఒత్తిడి తెచ్చి, ప్రత్యేక సమావేశం పెట్టించి సాధించుకున్నవి. అప్పుడు ఎమ్మెల్యే ఏ పార్టీ అన్నది కాదు, ఎటు నిలబడ్డాడన్నది అడిగారు.

ఇప్పుడూ అదే పని ఊరి స్థాయిలో చేయొచ్చు. మీ ఎమ్మెల్యే ఎన్ని రోజులు సభకు హాజరయ్యారు? ఎన్ని ప్రశ్నలు అడిగారు? అందులో వాడ గురించి ఎన్ని? సబ్‌ప్లాన్ నిధులపై, అట్రాసిటీ కేసులపై ఒక్కసారైనా మాట్లాడారా? పార్టీ మారితే ఎవరినడిగి మారారు? సభ రికార్డులు, సమాచార హక్కు దరఖాస్తులు చేతిలో ఉంటే వీటికి జవాబులు దొరుకుతాయి. విద్యార్థి సంఘాలు నందికొట్కూరుకూ ఆళ్లగడ్డకూ పక్కపక్కన ఇలాంటి పట్టిక వేసి, గ్రామసభలో చదివి వినిపిస్తే చాలు. రిజర్వుడు స్థానం ఎమ్మెల్యేకు అది భయం కాదు, బలం. తనను నిలదీసే జనం వెనక ఉన్నారని తెలిస్తేనే, టికెట్ ఇచ్చినవాళ్ల ముందు అతను మాట పెగల్చగలడు.